స్పర్శ తగ్గిన పాదానికి సరైన చెప్పు: ఎంపిక, అమరిక, వాడకం

మధుమేహం ఉన్నవారు చెప్పుల దుకాణంలో కూర్చోగానే వినిపించే ప్రశ్న "కాలికి హాయిగా ఉందాండీ?" అన్నది. మధుమేహం వల్ల స్పర్శ తగ్గిన పాదం ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఇవ్వలేదు. సరైన కొలతలో ఉన్న చెప్పు వేసుకుంటే అలాంటి పాదానికి ఏమీ తొడుక్కోనట్టే ఉంటుంది. బిగుతుగా పట్టిన చెప్పే సరిగ్గా కూర్చున్నట్టు అనిపిస్తుంది. అందుకే చాలామంది ఏరికోరి ఒక సైజు తక్కువ చెప్పు కొనుక్కుని, కొద్ది రోజులకే చిటికెనవేలి పక్కన బొబ్బతో వైద్యుడి దగ్గరికి వెళతారు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఆ లోపాన్ని దాటడానికే: కాలు చెప్పలేని సంగతిని కన్ను, చెయ్యి, కొలటేపు, గడియారం చేత చెప్పించాలి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. అరికాలిలో గానీ వేళ్ల మధ్య గానీ ఇప్పటికే పుండు ఉన్నవారు చెప్పుల దుకాణానికి కాక ఆసుపత్రికి వెళ్లాలి. రక్షణ చెప్పు పుండు రాకుండా ఆపడానికి, మానిన పుండు తిరగబెట్టకుండా చూడడానికి పనికివస్తుంది. తెరిచి ఉన్న పుండును మాన్పడం దాని పని కాదు. అరికాలి పుండు మీద భారం పడకుండా చేసే చికిత్స వేరే ఉంది. చాలామందికి మోకాలి కింది వరకు వేసే, ఇంట్లో విప్పడానికి వీలులేని కట్టు లేదా బూటు దానికి మొదటి మార్గం.

1. మీ పాదం ఏ స్థితిలో ఉందో ముందు తేల్చుకోండి

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. వారందరికీ ప్రత్యేకమైన చెప్పులు అక్కర్లేదు. స్పర్శ, రక్తప్రసరణ బాగుండి, పాదం ఆకారం మారని వారికి కొలతకు సరిపోయే మంచి చెప్పులు చాలు. స్పర్శ తగ్గినవారు మాత్రం ఈ వ్యాసంలో ప్రతి మాటనూ పట్టించుకోవాలి. వేళ్లు కొక్కేల్లా వంగినవారు, బొటనవేలి మొదట్లో ఎముక పక్కకు పొడుచుకువచ్చినవారు, ఇంతకుముందు పుండు పడి మానినవారు, వేలు తీసేయించుకున్నవారు దుకాణంలో దొరికే చెప్పుతో సరిపెట్టుకోకుండా పాదానికి తగ్గట్టు తయారు చేయించుకోవాలి.

స్పర్శ తగ్గిందో లేదో ఇంట్లోనే ప్రాథమికంగా చూసుకోవచ్చు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు రూపొందించిన ఈ పరీక్షకు ఒక మనిషి సాయం ఉంటే చాలు. మీరు పడుకుని కళ్లు మూసుకోండి. ఇంట్లోవారు తమ చూపుడువేలి కొసతో మీ రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లపాటు తేలికగా తాకాలి. నొక్కకూడదు, గిల్లకూడదు, తెలియలేదని రెండోసారి తాకకూడదు. తాకినట్టు తెలిసినప్పుడల్లా మీరు "కుడి", "ఎడమ" అని చెప్పాలి. ఆరు చోట్లలో రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే రక్షణ స్పర్శ, అంటే గాయాన్ని పసిగట్టే స్పర్శ, పోయిందని భావించి వైద్యుడిని కలవండి. అక్కడ 10 గ్రాముల మోనోఫిలమెంటు అనే నైలాన్ దారంతోనో, కంపనాన్ని కొలిచే బయోథీసియోమీటరుతోనో నిర్ధారిస్తారు. బయోథీసియోమీటరులో 25 వోల్టులు దాటిన తరువాతే కంపనం తెలుస్తుంటే పుండు పడే ప్రమాదం ఎక్కువని లెక్క. పాదం మీద నాడి కొట్టుకుంటోందో లేదో కూడా అదే రోజు చూపించుకోండి, ఎందుకంటే రక్తప్రసరణ తగ్గిన కాలికి కొద్దిపాటి బిగుతు కూడా ముప్పే.

నడుస్తుండగా చెప్పు కాలి నుంచి జారిపోయి, పది అడుగులు వేశాక ఎవరో వెనక నుంచి పిలిచి చెబితే గానీ తెలియడం లేదంటే, పరీక్ష చేయకముందే మీకు జవాబు దొరికినట్టే.

2. చెప్పు ఏమేమి ఆపాలో తెలుసుకోండి

ఈ విషయంలో మనకున్న అవగాహనకు పునాది వెల్లూరులో పడింది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, వారి పాదాలు పుండ్లు పడి అరిగిపోవడానికి ప్రధాన కారణం కండ చెడిపోవడం కాదని, నొప్పి తెలియకపోవడమని గుర్తించారు. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లిన తరువాత అదే అవగాహన మధుమేహ రోగుల పాదాలకూ వర్తించింది. స్పర్శలేని పాదానికి గాయం మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది, కొద్దిపాటి ఒత్తిడే అయినా గంటల తరబడి ఒకేచోట ఉండడం. ఇరుకు బూటు చిటికెనవేలిని నొక్కుతూ ఉంటే అక్కడికి రక్తం అందక చర్మం చనిపోతుంది. స్పర్శ ఉన్నవారు పావుగంటకోసారి తెలియకుండానే కాలు సర్దుకుంటారు, వీలు చూసి బూటు విప్పేస్తారు. స్పర్శ లేనివారు పెళ్లింట్లో ఉదయం తొడిగిన బూటును రాత్రి భోజనాలయ్యాక విప్పుతారు. రెండవది, ఒక్కసారిగా జరిగే గాయం: తుమ్మముల్లు, గాజుపెంకు, మేకు, కాలిన బండ. మూడవది మనకు కనిపించనిది, ఎక్కువమందిలో పుండుకు కారణమయ్యేది. రోజుకు వేలసార్లు అడుగు వేసినప్పుడు వేళ్ల మొదళ్ల కింద ఒకే ఎముక ఒకే చోట చర్మాన్ని నేలకేసి అదుముతుంది. అక్కడ చర్మం గట్టిపడి ఆనె కడుతుంది, ఆనె గులకరాయిలా లోపలికి నొక్కుతుంది, దాని కింద కండ చితికి నీరో రక్తమో చేరుతుంది, చివరికి ఒకరోజు పైకి పగులుతుంది.

కాబట్టి చెప్పుకు మూడు గుణాలు ఉండాలి. మొదటి ప్రమాదానికి తగినంత వెడల్పు, రెండవదానికి ముల్లు దిగని గట్టి అడుగు అట్ట, మూడవదానికి భారాన్ని పాదమంతా పంచే మెత్తని లోపలి అట్ట. బజారులో దొరికే చెప్పుల్లో ఒక గుణం ఉంటే మరొకటి ఉండదు. టైరు చెప్పుకు అడుగు గట్టిదే, కానీ లోపల కూడా అంతే గట్టిది, పైగా మేకులు. నురుగులాంటి తేలికపాటి చెప్పు లోపల మెత్తన, కానీ పల్లేరుకాయ కూడా అందులో దిగిపోతుంది.

3. సాయంత్రం పూట కొలవండి

పగలంతా తిరిగిన తరువాత పాదాలు కొంత ఉబ్బుతాయి. ఉదయం సరిపోయిన బూటు సాయంత్రానికి ఇరుకవుతుంది. అందుకే కొలతలు, కొనుగోలు రెండూ సాయంత్రమే పెట్టుకోండి. ఒక అట్టముక్క మీద నిలబడి, బరువు రెండు కాళ్ల మీద సమానంగా మోపి, మరొకరి చేత పాదం చుట్టూ పెన్సిలు నిటారుగా పట్టించి గీత గీయించండి. కూర్చుని గీస్తే పాదం వెడల్పు తక్కువగా వస్తుంది. రెండు పాదాలూ గీయించాలి, ఎందుకంటే చాలామందికి అవి సమానంగా ఉండవు. పెద్ద పాదం కొలతే ప్రమాణం.

గీసిన బొమ్మ మీద మడమ చివరి నుంచి అన్నిటికంటే పొడవైన వేలి కొస వరకు కొలవండి. ఆ పొడవైన వేలు బొటనవేలే కానక్కర్లేదు, పక్కవేలు కావచ్చు. చెప్పు లోపలి పొడవు దీనికంటే ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. అంతకు మించితే పాదం లోపల ముందుకూ వెనక్కూ జారి రాపిడి పుడుతుంది. వెడల్పును వేళ్ల మొదళ్ల దగ్గర, పాదం అన్నిటికంటే విశాలంగా ఉన్నచోట కొలవాలి. చెప్పు లోపలి వెడల్పు అక్కడ దానికి సమానంగా ఉండాలి. వేళ్లు వంగి ఉన్నవారు ఎత్తు కూడా చూడాలి: బూటు పైభాగం వేళ్ల కీళ్లకు తగలకూడదు.

తరువాత ఆ అట్టబొమ్మను కత్తిరించి దుకాణానికి తీసుకువెళ్లండి. చెప్పులోనో బూటులోనో దాన్ని పరిచినప్పుడు ఎక్కడైనా అంచు మడత పడితే, మీ పాదం కూడా అక్కడ మడత పడుతున్నట్టే. దుకాణదారు "నాలుగు రోజులు వాడితే వదులవుతుందండీ" అంటాడు. వదులయ్యేది చెప్పో, మీ చర్మమో ఆయనకు తెలియదు. ఆ జత పక్కన పెట్టేయండి.

4. చేతితో పరీక్షించండి

చెప్పును చేతిలోకి తీసుకుని, లోపలి అట్టను బొటనవేలు, చూపుడువేలి మధ్య గట్టిగా నొక్కండి. మంచి సూక్ష్మరంధ్రాల రబ్బరు, అంటే వైద్యులు, చెప్పులు తయారుచేసేవారు ఎం.సి.ఆర్. అని పిలిచేది, దాదాపు సగం మందానికి అణిగి, వదలగానే మళ్లీ లేవాలి. దీని గట్టిదనం షోర్ కొలమానంలో 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. మందం కనీసం 10 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. రంగు చూసి మోసపోవద్దు, పేరు చూసి అసలే వద్దు. అదే పేరుతో గట్టి షీట్లు కూడా అమ్ముతారు. ఇప్పుడు చాలాచోట్ల ఈవీఏ నురుగు, పాలీయురేథేన్ అట్టలు కూడా వాడుతున్నారు, అవీ పనిచేస్తాయి. 2004లో చెన్నై మధుమేహ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు పుండు పడినవారికి ఎం.సి.ఆర్., పాలీయురేథేన్, అచ్చుపోసిన అట్టలు ఇచ్చి చూసినప్పుడు, గట్టి తోలు అట్ట చెప్పులు వాడినవారితో పోలిస్తే వీరిలో కొత్త పుండ్లు చాలా తక్కువగా కనిపించాయి. అంటే పదార్థం పేరుకంటే మెత్తదనం ముఖ్యం.

తరువాత చెప్పును తిరగేసి అడుగు చూడండి. బొటనవేలి గోటితో గుచ్చితే దిగకూడదు. రెండు చివర్లూ పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలిపెడితే సులువుగా మెలిక తిరగకూడదు. లోపల చేయి పెట్టి కొస నుంచి మడమ దాకా మెల్లగా తడమండి: కుట్టు ముడి, జిగురు గడ్డ, మేకు తల, గట్టి అంచు ఏది తగిలినా ఆ జత వద్దు. ఈ చెప్పుల్లో మేకులు ఉండనేకూడదు. జిగురుతో అతికించి దారంతో కుట్టాలి. అట్ట అరిగిన కొద్దీ మేకు మొన పైకి వస్తుంది, దాని మీద రోజంతా నడిచి రాత్రి చెప్పులో రక్తం చూసి ఆశ్చర్యపోయినవారు ఏ మధుమేహ ఆసుపత్రిలోనైనా ఉంటారు.

పట్టీలు వెడల్పుగా, లోపల మెత్తని పొరతో ఉండాలి. వెల్క్రో పట్టీలైతే సాయంత్రం ఉబ్బినప్పుడు వదులు చేసుకోవచ్చు. మడమ వెనక పట్టీ తప్పనిసరి. అది లేకపోతే చెప్పును పట్టి ఉంచడానికి వేళ్లు నేలను గీరుతున్నట్టు వంగుతాయి, వేళ్ల కొసల మీద పుండ్లు పడతాయి. మడమ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లకు మించకూడదు, ఎందుకంటే ఎత్తు పెరిగే కొద్దీ బరువు వేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. చెప్పు అంచు పాదం కంటే అన్ని వైపులా కొంచెం బయటికి ఉండాలి. వేళ్లు అంచు దాటి వేలాడితే గడపకు తగిలిన ప్రతిసారీ గోరు లేస్తుంది.

కొన్నిటిని చూడగానే వదిలేయవచ్చు. హవాయి చెప్పు బొటనవేలికీ పక్కవేలికీ మధ్య కోస్తుంది, కాలి నుంచి జారుతుంది. ముందు మొన తేలిన బూట్లు, కిర్రు చెప్పులు, పాంకోళ్లు కూడా అంతే. ఆక్యుప్రెషర్ చెప్పుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే సంతల్లో, ఆన్‌లైన్లో వాటిని "షుగరు ఉన్నవారికి" అని చెప్పి మరీ అమ్ముతున్నారు. స్పర్శ లేని అరికాలి కింద గట్టి బుడిపెల వరుస పెట్టడం కంటే చెడ్డ ఆలోచన చెప్పుల వ్యాపారంలో మరొకటి నాకు కనిపించలేదు. ఇంట్లో ఎవరైనా ప్రేమతో కొనిచ్చినా వాడకండి. అట్ట మీద "డయాబెటిక్" అని ముద్రించి ఉన్నంత మాత్రాన అది రక్షణ చెప్పు అయిపోదు; దానికీ నొక్కడం, మెలిపెట్టడం, తడమడం అన్నీ చేయవలసిందే.

5. కుట్టించుకునేవారికి

పాదం ఆకారం మారినవారు మధుమేహ పాద వైద్య విభాగం లేదా కృత్రిమ అవయవాలు తయారుచేసే విభాగం ఉన్న ఆసుపత్రిలో అచ్చు తీయించుకుని లోపలి అట్ట చేయించుకోవడం ఉత్తమం. వేళ్ల మొదళ్ల కింద పుండు పడి మానినవారికి సాధారణంగా అడుగు గట్టిగా, ముందుభాగం పడవ అడుగులా పైకి వంపు తిరిగి ఉన్న చెప్పు సూచిస్తారు. అడుగు వేసినప్పుడు వేళ్లు వంగకుండా పాదం మొత్తం దొర్లినట్టు ముందుకు పోతుంది, అక్కడ పడే ఒత్తిడి తగ్గుతుంది. కొత్తగా వేసుకున్నప్పుడు తూలినట్టు ఉంటుంది కాబట్టి మొదటి రోజుల్లో మెట్ల దగ్గర పట్టుకుని నడవండి.

ఊళ్లో చెప్పులు కుట్టే మనిషి చేత చేయించుకోవడం కూడా సాధ్యమే, అతనికి మూడు విషయాలు స్పష్టంగా చెప్పాలి: మేకులు వద్దు, వేళ్ల మధ్య పట్టీ వద్దు, లోపలి షీటు నేను నొక్కి చూశాకే వేయాలి. పాత చెప్పును కూడా వెంట తీసుకువెళ్లండి. దాని లోపలి అట్ట మీద మీ అరికాలి ముద్ర నల్లగా పడి ఉంటుంది. అన్నిటికంటే నల్లగా, గుంటగా ఉన్నచోటే మీ బరువంతా పడుతోంది. ఆ గుంటకూ మీ అరికాలి ఆనెకూ చోటు కలుస్తుంది. అంతకంటే స్పష్టమైన కొలత అతనికి మరొకటి దొరకదు.

ఎం.సి.ఆర్. చెప్పులు మొదట కుష్ఠు రోగుల కోసం వాడుకలోకి రావడం వల్ల, అవి వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని వెనకాడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ సంకోచాన్ని కుట్టే మనిషితో దాచకండి. మామూలు శాండల్ ఆకారంలో, పక్కన అట్ట మందం కనిపించకుండా అంచు పట్టీ వేసి కుట్టడం అతనికి పెద్ద పని కాదు. నచ్చని చెప్పు గూట్లోనే ఉండిపోతుంది.

6. ఇంట్లో కూడా వేసుకోండి

అన్నిటికంటే కష్టమైన దశ ఇదే, అన్నిటికంటే ఫలితమిచ్చేదీ ఇదే. మనం బయటికి వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర విడిచి లోపలికి వస్తాం. కానీ పెద్ద వయసువారు రోజులో వేసే అడుగుల్లో ఎక్కువ భాగం ఇంట్లోనే వేస్తారు. ఖరీదైన చెప్పు కొని, రోజుకు ఒక గంట బయట వాడి, మిగతా సమయమంతా గచ్చు మీద వట్టికాళ్లతో తిరిగితే, పాదం మీద పడే ఒత్తిడిలో తగ్గింది చాలా స్వల్పం. మధుమేహ పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం సూచనల్లో కూడా ఈ మాట సూటిగా ఉంది: వట్టికాళ్లతో గానీ, సాక్సులు మాత్రమే వేసుకుని గానీ, పల్చని అట్ట చెప్పులతో గానీ ఇంటా బయటా నడవకూడదు.

ఇల్లు అపవిత్రమవుతుందన్న అభ్యంతరానికి పరిష్కారం వేరే జత. వీధి చెప్పు గుమ్మం దగ్గరే ఆగుతుంది. ఇంటి చెప్పు గడప దాటి బయటికి వెళ్లదు. దానికీ మడమ పట్టీ, మెత్తని అట్ట ఉండాలి. పూజగది ముందు దాన్ని విడిచి, లోపల మెత్తని చాప మీద లేదా పీట మీద కూర్చుని పూజ చేసుకోండి. స్నానాలగదికి జారని రబ్బరు జత మరొకటి. ఇంటి జతను మంచం పక్కనే, కాలు దింపగానే తగిలేచోట పెట్టుకోండి, రాత్రి లేచినప్పుడు మొదటి అడుగే ప్రమాదకరం. ఎలుకలు తిరిగే ఇళ్లలో స్పర్శ లేని వేళ్లను రాత్రి కొరికిన సంఘటనలు దక్షిణ భారత వైద్యులకు బాగా తెలిసినవే. అలాంటిచోట పడుకునేటప్పుడు పాదాలు కప్పుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి.

ఆడవారు మెట్టెలు కూడా చూసుకోవాలి. వేలు ఉబ్బినప్పుడు మెట్టె కోస్తుంది, చెప్పు పట్టీ దాన్ని పక్కవేలి మీదికి నొక్కుతుంది. తీయడానికి మనసొప్పనివారు కనీసం వదులుగా, నునుపుగా ఉన్నవాటిని వేసుకుని, రోజూ స్నానం తరువాత వాటిని తిప్పి కింద చర్మం చూసుకోవాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు అక్కడ తివాచీ మెత్తగా ఉంది కదా అని వట్టికాళ్లతో తిరుగుతారు. చలికాలంలో హీటరు గాలి పాదాలను ఎండబెట్టి మడమలు పగిలేలా చేస్తుంది. ఇంటి జతను ఇక్కడి నుంచే పెట్టెలో పెట్టుకుని వెళ్లండి. అక్కడే స్థిరపడి, మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవారికి, పాద సమస్యలున్నట్టు వైద్యుడు ధ్రువీకరిస్తే, ఏడాదికి ఒక జత లోతైన బూట్లకు, మూడు జతల లోపలి అట్టలకు మెడికేర్ సాయం లభిస్తుంది, అడిగి తీసుకోండి.

7. గుడి, దీక్ష, పొలం

వేసవిలో గుడి ప్రాంగణంలోని బండలు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి. స్పర్శ ఉన్నవారు పరుగెత్తి నీడకు చేరతారు. స్పర్శ లేనివారు నెమ్మదిగా ప్రదక్షిణలు పూర్తిచేసి, ఇంటికి వచ్చాక అరికాలి తోలు ఊడి రావడం చూస్తారు. దర్శనం పొద్దున్నే గానీ సూర్యుడు వాలాక గానీ పెట్టుకోండి. అనుమతి ఉన్నచోట మందపాటి నూలు సాక్సులు వేసుకోండి, అయితే సాక్సు వేడిని కొంత ఆపుతుందే తప్ప ఒత్తిడిని ఆపదని గుర్తుంచుకోండి. చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో గుడికి పాత హవాయి జత వేసుకెళ్లే అలవాటు మనలో చాలామందికి ఉంది. దానికి బదులు ఒక గుడ్డసంచి పెట్టుకుని, చెప్పుల స్టాండు ఎంత దగ్గరగా ఉంటే అంతవరకు మంచి జతతోనే నడవండి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు వట్టికాళ్లతో ఎక్కే మొక్కు స్పర్శ పోయినవారు మొక్కకూడదు. ఇప్పటికే మొక్కి ఉంటే చెప్పులతో ఎక్కి తీర్చుకోండి.

అయ్యప్ప మాల వేసుకునేవారు 41 రోజుల మండల దీక్షలో చెప్పులు విడుస్తారు. స్పర్శ తగ్గినవారు మాల వేసుకునే ముందే వైద్యుడితోనూ గురుస్వామితోనూ మాట్లాడాలి. అభ్యంతరం తోలు విషయంలోనైతే దానికి దారి ఉంది: రబ్బరు అడుగు, ఎం.సి.ఆర్. అట్ట, గుడ్డ లేదా రెక్సిన్ పట్టీలతో తోలు ముక్క లేకుండా చెప్పు చేయించుకోవచ్చు.

పొలం పనివారికి శాండల్ సరిపోదు. కోసిన పత్తికట్టెల మోళ్లు, కంది మోళ్లు పక్క నుంచి గుచ్చుకుంటాయి, కాబట్టి ముందు మూసి ఉన్న, అడుగు గట్టిగా ఉన్న వెడల్పాటి బూటు కావాలి. దమ్ములో దిగే రైతులకు మోకాలి వరకు ఉండే గమ్‌బూట్లు నీటిని ఆపుతాయి గానీ లోపల చెమటతో చర్మం నానిపోతుంది. లోపల మెత్తని అట్ట, నూలు సాక్సు వేసుకుని, గంట రెండు గంటలకోసారి విప్పి ఆరబెట్టుకోవాలి.

8. కొత్త చెప్పును గడియారం పెట్టుకుని అలవాటు చేయండి

కొత్త జతతో పెళ్లికో ప్రయాణానికో బయలుదేరవద్దు. మొదటి రోజు ఇంట్లోనే అరగంట వేసుకుని నడవండి. విప్పి, మంచి వెలుతురులో పాదం అంతా చూడండి. పట్టీ కింద, వేళ్ల పక్కల, మడమ వెనక ఎర్రబడిన చోట్లు ఉంటే గడియారం చూడండి. చామనఛాయ, నల్లని చర్మంలో ఎరుపు స్పష్టంగా కనిపించదు కాబట్టి చేతి వెనకభాగంతో తాకి వెచ్చదనం కూడా చూడాలి. ఇరవై నిమిషాల్లో ఆ గుర్తు మాయమైతే మర్నాడు గంట వేసుకోవచ్చు. మాయం కాకపోతే చెప్పు అక్కడ నొక్కుతోంది. పట్టీ సర్దించండి లేదా మార్చండి, "అలవాటవుతుందిలే" అని కొనసాగించకండి. ఇలా రోజుకు కాస్త పెంచుతూ వారం పది రోజుల్లో పూర్తి వాడకానికి రావచ్చు.

సాక్సులు లేత రంగువే కొనండి. తెల్ల సాక్సు మీద రక్తపు చుక్క, చీము మరక కంటికి దొరుకుతుంది. నల్ల సాక్సు అన్నిటినీ దాస్తుంది. పైన రబ్బరు పట్టీ బిగుతుగా ఉండకూడదు, వేళ్ల దగ్గర లావు కుట్టు ఉంటే తిరగేసి తొడగండి.

9. రోజూ వేసుకునే ముందు, విప్పిన తరువాత

వేసుకునే ముందు చెప్పును తలకిందులు చేసి దులపండి, లోపల చేయి పెట్టి తడమండి. మనవడి గోళీ, బొత్తాం, చిన్న రాయి, ఒకోసారి తేలు కూడా అందులోంచి రాలుతుంది. అడుగును కూడా తిప్పి చూసి దిగబడిన ముళ్లు, మేకులు పీకేయండి. విప్పిన తరువాత అరికాళ్లు, మడమలు, ప్రతి రెండు వేళ్ల మధ్యా చూడండి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకోవాలి, చూపు తగ్గినవారు ఇంట్లోవారిని అడగాలి. ఫోనుతో అరికాలి ఫొటో తీసి నిన్నటి ఫొటోతో పోల్చడం పిల్లలు ఊళ్లో లేని దంపతులకు మంచి ఉపాయం.

ఆనె కనిపిస్తే బ్లేడుతో కోయకండి, మందుల షాపులో అమ్మే కార్న్ క్యాపులు అతికించకండి. వాటిలోని ఆమ్లం ఆనెతో పాటు మంచి చర్మాన్నీ తినేస్తుంది. ఆసుపత్రిలో చెక్కించుకోండి. అదే చోట ఆనె మళ్లీ మళ్లీ కడుతుంటే చెప్పు అక్కడ భారాన్ని తగ్గించడం లేదని అర్థం. లోపలి అట్ట మార్పించాలి.

రెండు జతలు ఉంటే రోజు విడిచి రోజు వాడండి, చెమట ఆరుతుంది, అట్ట తిరిగి లేస్తుంది. రోజూ వాడే ఎం.సి.ఆర్. అట్ట సుమారు ఆరు నెలలకు అణిగిపోతుంది. పైకి చెప్పు కొత్తగానే కనిపించవచ్చు, కాబట్టి నెలకోసారి వేళ్ల మధ్య నొక్కి చూడండి. లేవడం మానేసిన అట్టను అడుగు బాగున్నా సరే మార్పించండి. వానకు తడిసిన తోలు పట్టీ ఎండలో ఆరితే గట్టిపడి కోస్తుంది, నీడలో ఆరబెట్టాలి.

10. ఎప్పుడు ఆగి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి

స్పర్శ తగ్గి, ఇతర సమస్యలు లేనివారు 6 నుంచి 12 నెలలకోసారి, ఆకారం మారినవారు లేదా రక్తప్రసరణ తగ్గినవారు 3 నుంచి 6 నెలలకోసారి, ఇంతకుముందు పుండు పడినవారు 1 నుంచి 3 నెలలకోసారి పాదాలు చూపించుకోవాలి. ఆఖరి వర్గం వారు ఈ గడువును కచ్చితంగా పాటించాలి, ఎందుకంటే పుండు మానిన తరువాత ఏడాదిలోపే దాదాపు 40 శాతం మందిలో మళ్లీ పడుతుంది. వెళ్లిన ప్రతిసారీ చెప్పులు కూడా వైద్యుడి ముందు పెట్టండి, గది బయట విడిచి వెళ్లకండి.

ఈ గడువుల కోసం ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. బొబ్బ, పగులు, చెమ్మ, దుర్వాసన, గోరుచుట్టు వాపు, ఆనె కింద నల్లని మచ్చ, వీటిలో ఏది కనిపించినా అదే రోజు నడక తగ్గించి, 24 గంటల్లోపు చూపించుకోండి. పరారుణ థర్మామీటరు ఉన్నవారు రెండు పాదాల్లో ఒకే చోట కొలిచి చూసినప్పుడు 2.2 డిగ్రీల సెల్సియస్‌కు మించిన తేడా వరుసగా రెండు రోజులు కనిపిస్తే, చర్మం పగలకముందే లోపల దెబ్బ మొదలైందని భావించి అలాగే చేయాలి. ఒక పాదం మొత్తం ఉబ్బి, ఎర్రబడి, వేడిగా ఉండి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అది లోపల ఎముకలు చితికిపోయే షార్కో పాదం కావచ్చు. అలాంటప్పుడు ఆ కాలి మీద బరువు మోపకుండా, వాహనంలోనే ఆసుపత్రికి చేరాలి. జ్వరం, వణుకు, పాదం నుంచి పైకి పాకుతున్న ఎరుపు, నల్లబడిన వేలు ఉంటే అది అర్ధరాత్రి అయినా అత్యవసర విభాగానికే వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీతో పాటు ఆ రోజు వేసుకున్న చెప్పుల జతను కూడా సంచిలో పెట్టుకుని తీసుకువెళ్లండి, గాయం ఎక్కడి నుంచి వచ్చిందో వైద్యుడు దాన్ని తడిమి చూసి కనిపెట్టగలుగుతాడు.